నలభై రోజులకు ఒక్క గొంతు: తపస్సుకాలంలో ఏ పాడ్‌కాస్టు, ఏ పాట?

పోయినేడు తపస్సుకాలం (ఈస్టరుకు ముందు కతోలికులు పాటించే నలభై రోజుల ఉపవాస కాలం) మొదలయ్యే విభూది బుధవారం సాయంత్రం, చర్చిలో పూజ అయ్యాక మెట్రోలో ఇంటికొస్తూ, నుదుటి మీద విభూది చెరగకముందే ఫోన్లో అయిదు పాడ్‌కాస్టులు సబ్‌స్క్రైబ్ చేశాను. ఒకటి బైబిలు పఠనం, ఒకటి ప్రసంగాలు, ఒకటి జపమాల, మిగతా రెండూ ఎవరో వాట్సాప్‌లో పంపినవి. రెండో వారం ముగిసేసరికి వినకుండా పేరుకుపోయిన ఎపిసోడ్లు ముప్పై దాటాయి. ఈస్టరుకు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాటికి ఆ అంకె చూడ్డానికే మొహం చెల్లలేదు. ఒక్కపొద్దు ఉంటానని చెప్పి అయిదు విస్తళ్లు పరుచుకుని కూర్చున్నట్టయింది నా పని.

అందుకని నా సలహా ముందే చెప్పేస్తాను. మాటల కోసం ఒకటి, పాటల కోసం ఒకటి. అంతకు మించి వద్దు. ఆ ఒక్కటి ఏదన్నది మీరు ఏ వేళ వింటారు, ఇంట్లో ఇంకెవరు వింటారు, ఆ రోజు పూజలో చదివే పఠనాలతో అది కలిసి నడుస్తుందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. చెప్పే ఫాదర్‌కి ఎంత పేరుందన్నది ఆ తర్వాతి మాట.

ముందు లెక్క చూసుకోండి. విభూది బుధవారం నుంచి ఈస్టరు ముందురోజు పవిత్ర శనివారం దాకా 46 రోజులు. ఆరు ఆదివారాలు తీసేస్తే 40. రోజుకు 25 నిమిషాల కార్యక్రమం అయితే మొత్తం పదహారున్నర గంటల పైమాట. 12 నిమిషాలదైతే 8 గంటలు. ఈ తేడా తొలివారం తెలియదు. మూడో వారంలో పిల్లల పరీక్షలు మొదలయ్యాక తెలుస్తుంది.

మాటల్లో ఏది?

రోజూ ప్రయాణంలో వినేవాళ్లకు నేను మొదట చెప్పేది ‘ప్రే యాజ్ యు గో’. బ్రిటన్‌లోని యేసుసభ (జెస్యూట్) గురువులు 2006లో సరిగ్గా విభూది బుధవారం నాడే దీన్ని మొదలుపెట్టారు. ఒక్కో భాగం 10 నుంచి 13 నిమిషాలు. ఉచితం. మియాపూర్‌లో రైలెక్కి మొదలుపెడితే అమీర్‌పేట రాకముందే అయిపోతుంది, ఆ తర్వాత కాసేపు కిటికీలోంచి చూస్తూ ఊరుకోవడానికి సమయం మిగులుతుంది కూడా. గంట మోగుతుంది, ఒక పాట వస్తుంది, ఆ రోజు వాక్యం చదువుతారు, రెండు మూడు ప్రశ్నలు వేస్తారు, మళ్లీ అదే వాక్యం చదువుతారు. ప్రశ్నకూ ప్రశ్నకూ మధ్య ఏమీ మాట్లాడరు. మొదటి రోజు నేను నెట్ పోయిందేమోనని ఫోన్ తీసి చూశాను. నెట్ బాగానే ఉంది. వాళ్లు కావాలనే ఆపారు. అలా ఆపడం కోసమే దీన్ని నేను అన్నిటికన్నా పైన పెడతాను. బ్రిటిష్ యాస కాబట్టి అలవాటయ్యే దాకా ఒకటి రెండు రోజులు కాస్త చెవి ఒగ్గి వినాలి. అంతే.

దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున ఉంది ‘ది బైబిల్ ఇన్ ఎ ఇయర్’. ఫాదర్ మైక్ ష్మిట్జ్ చదువుతారు, అమెరికాలోని అసెన్షన్ సంస్థది. 2021 జనవరి 1న మొదలై 365 భాగాల్లో మొత్తం బైబిలు, అంటే మన కతోలికుల 73 గ్రంథాలూ పూర్తవుతాయి. రోజుకు ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు. ఆయన మాట వేగం ఎక్కువ, హుషారు ఇంకా ఎక్కువ. ఆఫీసుకెళ్తూ వింటే నిద్రమత్తు వదులుతుంది. నాకు ఇష్టమే. కానీ తపస్సుకాలానికని మొదలుపెట్టకండి. విభూది బుధవారం నాడు మొదటి భాగంతో బయల్దేరితే నలభయ్యో రోజుకు మీరు ఐగుప్తు దగ్గర, నిర్గమకాండంలో ఉంటారు. అప్పటికి గుడిలో పాటుల చరిత్ర, అంటే క్రీస్తు శ్రమల కథ, చదువుతూ ఉంటారు. రెండూ మంచివే గాని ఒకదానితో ఒకటి కలవవు. దాన్ని జనవరిలో మొదలుపెట్టి ఇప్పటికే వింటున్నవాళ్లయితే కొనసాగించండి, కొత్తది ఇంకేమీ చేర్చుకోకండి. అదే సంస్థ 2025లో ‘రోజరీ ఇన్ ఎ ఇయర్’ కూడా తెచ్చింది, ఫాదర్ మార్క్-మేరీ ఏమ్స్ గొంతులో. దాని సంగతీ ఇంతే: ఏడాది బండి అది, నలభై రోజుల మజిలీకి ఎక్కి దిగేది కాదు.

నలభై రోజుల కోసమే తయారుచేసింది కావాలంటే ‘హ్యాలో’ యాప్‌లోని ‘ప్రే40’. ఏటా ఒక అంశం తీసుకుంటారు. 2024లో ఫాదర్ వాల్టర్ సిజెక్ కథ తీసుకున్నారు. అమెరికా నుంచి వెళ్లి సోవియట్ దేశంలో ఇరవైమూడేళ్లు, అందులో పదిహేనేళ్లు జైళ్లలో, శిబిరాల్లో గడిపి 1963లో తిరిగొచ్చిన యేసుసభ గురువు. 2024 విభూది బుధవారం వేళ ఈ యాప్ అమెరికాలో ఆపిల్ యాప్ స్టోర్‌లో మొదటి స్థానానికి వెళ్లింది. డల్లాస్‌లో ఉన్న మా అక్కవాళ్లు పిల్లలతో కలిసి దీన్నే పెట్టుకుంటారు. పిల్లలకు తెలుగు వినడం వచ్చు గాని ప్రార్థన తెలుగు తెలియదు. ‘పాటులు’ అంటే వ్యవసాయం అనుకుంటారు. అలాంటి ఇంటికి ఇది బాగా కుదురుతుంది. కొంత ఉచితం, ఎక్కువ భాగానికి చందా కట్టాలి. నటుల గొంతులు, వెనక సంగీతం అన్నీ నున్నగా ఉంటాయి. నాకు కొంచెం ఎక్కువ నున్నగా అనిపిస్తుంది. సిలువ దగ్గర కూర్చున్నప్పుడు కూడా కుర్చీకి దిండు వేసినట్టు. ఇది నా అభిప్రాయం, అక్క ఒప్పుకోదు.

చందాల మాట వచ్చింది కాబట్టి ఒక్కటి. ‘మొదటి వారం ఉచితం’ అని చెప్పే ఏ యాప్‌కైనా కార్డు వివరాలు ఇచ్చిన రోజే రద్దు చేయాల్సిన తేదీ ఫోన్ క్యాలెండర్లో రాసి పెట్టుకోండి. వేరే ఒక ప్రార్థన యాప్‌కి, పేరెందుకులెండి, నేను వారం వాడి మర్చిపోతే ఏడాది డబ్బు ఒక్కసారే పట్టేసుకుంది. తపస్సుకాలంలో దానం చేయాలన్నది నిజమేగాని అది ఆ దానం కాదు.

రోజూ కుదరదు, వారానికి ఒక్కసారే అనుకునేవాళ్లకు బిషప్ రాబర్ట్ బ్యారన్ ఆదివారపు ప్రసంగం. వర్డ్ ఆన్ ఫైర్ వాళ్లది, పదిహేను నిమిషాలకు అటూ ఇటూ. ఆదివారం పూజ తర్వాత కాకుండా శనివారం రాత్రే వినండి. మరుసటి ఉదయం మన ఫాదర్‌గారు అదే సువార్త మీద చెప్పేది ఇంకోలా వినిపిస్తుంది. మత్తయి సువార్త చదివే ఏడాదిలో మూడు, నాలుగు, అయిదు ఆదివారాలకు సమరియ స్త్రీ, పుట్టు గుడ్డివాడు, లాజరు వస్తారు. మూడూ పెద్ద సువార్తలు, గుడిలో నిలబడి వినేటప్పుడు మధ్యలో కాళ్లు మార్చుకుంటాం. ముందురోజు కథ విని ఉంటే ఆ ఇబ్బంది సగం ఉండదు.

తెలుగులో అయితే

మా అమ్మకు పైవేవీ పనికిరావు. ఆవిడకు ఇంగ్లీషు రాదని కాదు. ప్రార్థన ఇంగ్లీషులో వింటే వార్తలు విన్నట్టుంటుందట. తెలుగు కతోలికులకు సికింద్రాబాదు అమృతవాణి, దివ్యవాణి టీవీ, రేడియో వెరితాస్ ఆసియా తెలుగు విభాగం ఉన్నాయి. వెరితాస్‌ను పాతవాళ్లు షార్ట్‌వేవ్ రేడియోలో విన్నారు. 2018లో షార్ట్‌వేవ్ ఆపి పూర్తిగా ఇంటర్నెట్టుకు మారింది. పాడ్‌కాస్టులా రోజూ ఒకే వేళకు ఒకే నిడివిలో వస్తుందని ఆశ పెట్టుకోకుండా, నచ్చినవి ఏరి దాచుకోవడం మేలు. అనుదిన పూజ, వాక్య ధ్యానం, సిలువ మార్గం (యేసు సిలువ ప్రయాణాన్ని పద్నాలుగు స్థలాలుగా ధ్యానించే ప్రార్థన) ఈ మూడూ తెలుగులో దొరుకుతాయి, రోజుకు కావాల్సింది అంతేగా.

తెలుగు ఆడియో బైబిలు ఎంచుకునేటప్పుడు మాత్రం ఒకటి చూసుకోవాలి. ఎక్కువగా దొరికేవి ప్రొటెస్టెంటులు వాడే 66 గ్రంథాల ప్రతులు. మిగతా కాలంలో పెద్దగా తేడా తెలియదు, తపస్సుకాలంలో మాత్రం పట్టుబడిపోతాం. మొదటి వారం గురువారం ఎస్తేరు రాణి ప్రార్థన, మూడో వారం మంగళవారం అగ్నిగుండంలో అజర్యా ప్రార్థన, నాలుగో వారం శుక్రవారం సొలొమోను జ్ఞానగ్రంథం రెండో అధ్యాయం, అయిదో వారం సోమవారం దానియేలు 13లోని సూసన్న కథ, ఇవన్నీ మన 73 గ్రంథాల బైబిల్లోనే ఉంటాయి.

అమ్మకు ఇది సూసన్న దగ్గర తెలిసింది. ఉప్పు జాడీకి ఫోన్ ఆనించి, పప్పులోకి పోపు వేస్తూ, ఆ రోజు పఠనం వింటుంది ఆవిడ. దానియేలు అధ్యాయాలు వేలితో జరుపుతూ పోయింది, పన్నెండు దగ్గర ఆగిపోయింది. “ఏంట్రా, సూసన్న ఏదీ? ఎవరు తీసేశారు?” అంది. ఎవరూ తీయలేదమ్మా, ఆ ప్రతిలో ఉండదు అని చెబితే, నేనేదో నొక్కకూడనిది నొక్కి పోగొట్టానన్నట్టు చూసింది. ఆ సాయంత్రం కతోలిక అనువాదం ‘పవిత్ర గ్రంథము’ ముందు పెట్టుకుని ఫోన్ రికార్డర్లో ఆ పఠనం నేనే చదివి ఇచ్చాను. ఏడు నిమిషాలు వచ్చింది. మధ్యలో కుక్కర్ కూత కూడా పడింది.

సిలువ మార్గం వినడం

శుక్రవారం గుడికి వెళ్లగలిగితే ఈ భాగం వదిలేయండి, గుడిలో మోకాళ్లూని లేస్తూ చేసే సిలువ మార్గానికి ఏ రికార్డింగూ సాటి రాదు. వెళ్లలేని వాళ్లకు రెండు రకాలు ఉన్నాయి. చదివేవి, పాడేవి. చదివేదాంట్లో ఒకరు స్థలం చెప్తారు, ధ్యానం చదువుతారు, పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం. పాడేదాంట్లో ధ్యానాన్ని కుదించి స్థలానికీ స్థలానికీ మధ్య చరణాలు పెడతారు. ముసలివాళ్లతో, పిల్లలతో చేసేటప్పుడు పాడేదే నయం; చరణం వచ్చినప్పుడల్లా అందరూ గొంతు కలుపుతారు. ఒక్కరే చేసుకునేటప్పుడు చదివేది పెట్టుకోండి. పద్నాలుగు స్థలాలూ ఉన్నాయో లేదో ముందే చివరిదాకా జరిపి చూసుకోండి, కొన్ని వీడియోల్లో ‘సిలువ మార్గం’ అని పేరు పెట్టి పాటలు మాత్రమే ఉంటాయి.

ఇంకో జాగ్రత్త: ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. పోయినేడు మా ఇంట్లో పన్నెండో స్థలం. యేసు సిలువ మీద ప్రాణం విడిచారు, అందరం మోకాళ్ల మీద ఉన్నాం, నిశ్శబ్దం. సరిగ్గా అప్పుడే ఫోన్లోంచి బంగారం తాకట్టు పెట్టి పది నిమిషాల్లో రుణం తీసుకోమని ఒకాయన అరిచాడు. మా పెద్దనాన్న మోకాళ్ల మీంచే “ఆయన దగ్గర బట్టలు కూడా మిగల్లేదు, ఇంక బంగారం ఎక్కడిదిరా” అన్నాడు. నవ్వాపుకోలేక పదమూడో స్థలం సగం పోయింది.

పవిత్ర శుక్రవారం రాత్రి రోములో కొలోసియం దగ్గర జరిగే సిలువ మార్గం ప్రత్యక్షంగా వినాలంటే మనకు అర్ధరాత్రి దాటుతుంది. మరుసటి ఉదయం రికార్డింగు వినడంలో తప్పేం లేదు.

పాటలు: ముందు గుడి పద్ధతి

తపస్సుకాలంలో పూజలో అల్లెలూయ ఉండదు. మహిమ గీతం (గ్లోరియా) ఉండదు, మార్చి 19 జోజప్పగారి పండుగ, 25న మరియమాతకు దూత శుభవార్త తెచ్చిన పండుగ లాంటివి తప్ప. వాయిద్యాలు గొంతుకు ఆసరాగా మాత్రమే మోగాలి, గురువులు గులాబీ రంగు వస్త్రాలు వేసుకునే నాలుగో ఆదివారానికి, పెద్ద పండుగలకు మినహాయింపు. మన విచారణల్లో (పారిష్‌లలో) చాలా చోట్ల కీబోర్డు మీద డ్రమ్ముల బీటు మీట నొక్కేసి వదిలేస్తారు, అది వేరే సంగతి. ఇంట్లో వినే పాటకు ఈ నియమం వర్తించదు. కానీ ఈ నలభై రోజులూ ఇంట్లోనూ అదే పద్ధతి పాటించి చూడండి. పాస్కా (ఈస్టరు) రాత్రి మహిమ గీతానికి గంటలు మోగినప్పుడు తేడా తెలుస్తుంది.

తెలుగు పాటల్లో నా మొగ్గు పాతవాటి వైపు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లో చాలా పాటలకు రాగం, తాళం పేరు వేసి ఉంటాయి. అవి ప్రొటెస్టెంటు సంఘాల్లో పుట్టినవే అయినా శ్రమల కీర్తనలు మన గుళ్లలోనూ పాడుకుంటారు. హార్మోనియం, తబలా, ఒక గొంతు, చాలు. ఆ తర్వాత క్యాసెట్ల కాలపు కతోలిక పాటలు. గుణదల తిరునాళ్లు ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా కదా, చాలా ఏళ్లు విభూది బుధవారం ఆ వెనకే వస్తుంది. కొండ కింద దుకాణాల్లో అప్పట్లో క్యాసెట్లు కొనేవాళ్లం, తర్వాత పెన్‌డ్రైవులు వచ్చాయి. ఇప్పటి వర్షిప్ బ్యాండ్ పాటల్లో మంచివి లేవని అనను గాని, ఈ కాలానికి వాటి ఉత్సాహం నప్పదు. పైగా పాటల యాప్ దానంతటదే తర్వాతి పాటకు దూకితే రెండో పాటలోనే హల్లెలూయలు మొదలవుతాయి. ఆటోప్లే ఆపేయండి. పది పన్నెండు పాటలతో మీరే ఒక ప్లేలిస్టు కట్టుకోండి, నలభై రోజులూ అదే. మొహం మొత్తుతుందని భయపడకండి. మూడో వారానికి చరణాలు నోటికొచ్చేస్తాయి.

తెలుగు దాటి వెళ్లదలచుకుంటే, గ్రెగోరియన్ గానంలో ‘అత్తెందె దోమినె’, ‘పార్చె దోమినె’ రెండూ ఈ కాలానివే, పల్లవి ఒకటే మళ్లీ మళ్లీ వస్తుంది కాబట్టి లాటిన్ రాకపోయినా రెండు రోజుల్లో పట్టుబడతాయి. పనిచేసుకుంటూ వినడానికి ఇంతకన్నా మంచిది లేదు. ఫ్రాన్సులోని తేజే సమాజం పాటలు కూడా అంతే, ఒకే వాక్యం పదేపదే; భజన అలవాటున్న మనకు కొత్తగా అనిపించదు. తేజే అన్ని క్రైస్తవ సంఘాలవాళ్లూ కలిసి ఉండే చోటు, కతోలికులది మాత్రమే కాదు, అది తెలిసి వినండి.

కూర్చుని వినాల్సిన వాటిలో మూడు పోల్చి చెప్తాను. అల్లెగ్రి ‘మిజెరెరె’ 51వ కీర్తన, అంటే విభూది బుధవారం మనం పాడుకునే పశ్చాత్తాప కీర్తనే. వాటికన్‌లో సిస్టైన్ ప్రార్థనాలయం కోసం 1630ల ప్రాంతంలో కట్టారు, 1770లో పద్నాలుగేళ్ల మొజార్టు అక్కడ విని బసకెళ్లి రాసుకున్నాడని చెబుతారు. పన్నెండు నిమిషాల పైచిలుకు. తెలుగు బైబిల్లో కీర్తన తెరిచి పెట్టుకుని వినండి. పెర్గొలేసి ‘స్తాబత్ మాతెర్’ 1736 నాటిది, సిలువ కింద నిలబడ్డ మరియమాత గురించి, రెండు గొంతులు, తంత్రీవాద్యాలు, నలభై నిమిషాలు. ఆయన అదే ఏడాది ఇరవయ్యారేళ్లకే చనిపోయాడు. మొదటి చరణంలో రెండు గొంతులూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పైకెళ్లే చోట పనిచేస్తున్న చెయ్యి ఆగిపోతుంది. కాబట్టి వంట చేస్తూ వద్దు.

మూడోది మన తెలుగువాళ్లకు అన్నిటికన్నా దగ్గరది, మనవాళ్లలో తక్కువమంది విన్నది: హైడన్ ‘ఏడు మాటలు’. 1780లలో స్పెయిన్‌లోని కాదిజ్ పట్టణంలో ఒక ప్రార్థనాలయం కోసం రాశాడు. అక్కడ గురువు సిలువ మీది ఒక మాట చదివి ప్రసంగించి మోకరిల్లేవారు, అప్పుడు వాద్యబృందం వాయించేది. మళ్లీ రెండో మాట. మన పవిత్ర శుక్రవారపు ఏడు మాటల ప్రసంగాలకు మధ్య పాట పాడతామే, అదే పద్ధతి, అక్కడ పాటకు బదులు సంగీతం. మాటలే లేవు కాబట్టి భాష అడ్డురాదు. చివర్లో భూకంపం భాగం వస్తుంది, రెండు నిమిషాలు కూడా ఉండదు, అందాకా గంటసేపు నెమ్మదిగా సాగింది ఒక్కసారి కూలుతుంది. మూడింట్లో ఒక్కటే అంటే నా ఎంపిక ఇదే. తెలుగు బైబిలు చేతిలో పెట్టుకుని, ఒక్కో మాట మనమే చదివి, ఒక్కో భాగం విని, మళ్లీ ఆపి. శుక్రవారం మధ్యాహ్నం గుడికి బయల్దేరే ముందు సరిపోతుంది.

చివరి మూడు రోజులు

పవిత్ర గురువారం సాయంత్రం మహిమ గీతం తర్వాత గుడిలో గంటలు మూగబోతాయి. పాస్కా జాగరణ దాకా మోగవు. ఆ రాత్రి నుంచి నేను పాడ్‌కాస్టు ఆపేస్తాను. ఎపిసోడ్లు మిగిలితే మిగలనీ. శుక్రవారం హైడన్ తప్ప ఇంకేమీ ఉండదు, శనివారం అసలేమీ పెట్టను.

ఈ ఏడు మా ఇంటి లెక్క ఇది: నాకు మెట్రోలో ‘ప్రే యాజ్ యు గో’, ఇంట్లో పది పాత కీర్తనలు. అక్కకు హ్యాలో. అమ్మకు వెరితాస్ తెలుగు, శుక్రవారం పాడే సిలువ మార్గం, డౌన్‌లోడ్ చేసి ఉప్పు జాడీ పక్కనే. నిన్న సాయంత్రం అమ్మ పూజ క్యాలెండరు తీసుకొచ్చి నాలుగు తేదీల దగ్గర పెన్సిలుతో గీత పెట్టి ఇచ్చింది. ఎస్తేరు, అజర్యా, జ్ఞానగ్రంథం, సూసన్న. “ఈ నాలుగూ నువ్వే చదివి పెట్టు. ఈసారి కుక్కర్ దింపాకే మొదలుపెడుదువుగాని. అక్కకి కూడా పంపు, పిల్లలు వింటారు” అంది.